మూవ్సా, ఎమ్‌ఫ్యాకా: రోడ్డు ప్రాజెక్టు పొగ లెక్కకు ఏది మేలు?

అమెరికాలో రోడ్డు ప్రాజెక్టుకు గాలి నాణ్యత లెక్క కట్టేవాళ్లకు సగం నిర్ణయం చట్టమే చేసిపెట్టింది. కాలిఫోర్నియాలో అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు తయారుచేసిన ఎమ్‌ఫ్యాక్, మిగతా రాష్ట్రాల్లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి మూవ్స్. రెండూ బండ్ల పొగను అంచనా కట్టే సాఫ్ట్‌వేర్లే. చిక్కంతా ఒకదాని అలవాటుతో రెండోదాన్ని నడిపినప్పుడు వస్తుంది.

బండి కదలికను చూసే తీరులోనే రెండూ వేరు. ఎమ్‌ఫ్యాక్‌కు సగటు వేగం చాలు: గంటకు 5 మైళ్ల మెట్లుగా, ప్రతి మెట్టు దగ్గర మైలుకు ఇన్ని గ్రాములని చెబుతుంది. మూవ్స్ క్షణక్షణానికీ ఇంజన్ మీద పడే భారం చూస్తుంది. బ్రేకు వేయడం, ఆగి ఉండటం, వేగం, టన్నుకు పడే పవర్‌ను బట్టి నడకను 23 ఆపరేటింగ్ మోడ్‌లుగా విడదీస్తుంది. అందుకే రోడ్డు ఎక్కుడు ఎంత శాతమో ఇస్తే దానికి తగ్గట్టు పొగ పెరుగుతుంది. ఎమ్‌ఫ్యాక్‌లో వాలుకు గడే లేదు.

లారీలు బారులు తీరే సిగ్నల్ కూడలికి, ఘాట్ రోడ్డుకు మూవ్సే మేలు. కానీ ఒక షరతు. లింకుకు (రోడ్డు ముక్కకు) సగటు వేగం 20 మైళ్లని రాసి ఊరుకుంటే, మూవ్స్ తనలో ఉన్న డ్రైవ్ సైకిళ్లనే (నమూనా నడకలనే) వాడుకుంటుంది. మీ సిగ్నల్ దగ్గర ఏం జరుగుతోందో దానికి తెలియదు. వచ్చే దారి, ఆగిన వరస, మళ్లీ వేగం పుంజుకునే చోటు వేర్వేరు లింకులుగా కోస్తేనే ఆ అదనపు శ్రమకు ఫలం.

ఆ శ్రమ తక్కువేం కాదు. ప్రాజెక్టు స్కేల్‌లో ఒక రన్ (ఒకసారి నడపడం) అంటే ఒక కౌంటీ (జిల్లా లాంటిది), ఒక నెల, ఒక గంట. పీఎం 2.5కు (గాలిలోని అతి సన్నని రేణువులకు) మామూలుగా ఏడాదిలో 4 కాలాలు, రోజులో 4 పూటలు, మొత్తం 16 రన్‌లు. రోడ్డు కట్టకపోతే ఎలాగన్న లెక్కకు ఇంకో 16. ముందు కడితే ఎలాగన్నది చేయండి; ప్రతి చోటా కాలుష్యం పరిమితిలోపే ఉంటే రెండోది అక్కర్లేదు.

నేరుగా సాగే ఫ్రీవేకు ఎమ్‌ఫ్యాక్ హాయి. కౌంటీ, కాలం, ఉష్ణోగ్రత, తేమ ఇచ్చి రేట్ల పట్టిక తీసుకుని, ట్రాఫిక్‌తో గుణిస్తే పని అయిపోతుంది. లారీల వాటా కలిపి మిశ్రమ రేటు ఇచ్చే సీటీ-ఎమ్‌ఫ్యాక్‌ను కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రవాణా శాఖ) ఇస్తోంది కనుక, ఆ గుణకారాల్లోనూ కొంత తప్పుతుంది.

మూవ్స్‌లో కాలు జారే చోట్లు ఎక్కువ. ప్రతి లింకులోనూ వాహన రకాల వాటాలు కలిపితే సరిగ్గా 1 రావాలి. పార్కింగ్, స్టార్టింగ్ పొగకు ఆఫ్-నెట్‌వర్క్ లింకు ఒక్కటే పెట్టాలి. పీఎం 2.5కు పొగగొట్టం ఒక్కటే టిక్ చేసి బ్రేకు, టైరు అరుగుదల మరిచిపోతే మొత్తం తగ్గిపోతుంది, ఎర్రర్ మాత్రం రాదు. రోడ్డు మీద లేచే దుమ్ము మూవ్స్‌లో అసలు లేదు, ఈపీఏ వారి ఉద్గార గుణకాల సంకలనం ఏపీ-42లోని సూత్రంతో విడిగా కలపాలి. ఒకే అవుట్‌పుట్ డేటాబేస్‌లోకి రెండుసార్లు నడిపి, రన్ ఐడీ చూడకుండా కూడితే అంకె రెట్టింపవుతుంది. ఇన్వెంటరీ (మొత్తం పొగ) ఫలితంలో వాహనాల సంఖ్య అప్పటికే కలిసి ఉంటుంది, మళ్లీ గుణించకూడదు. గంటకు వచ్చిన గ్రాములను 3600తో భాగించి, పొగ గాలిలో ఎలా వ్యాపిస్తుందో లెక్కించే ఎయిర్‌మాడ్‌కు ఇవ్వాలి.

వెర్షన్ కూడా చూసుకోవాలి. 2022 నవంబరులో ఈపీఏ ఎమ్‌ఫ్యాక్2021ను ఆమోదించింది. మూవ్స్5 2024 చివర వచ్చింది, కన్ఫర్మిటీ (గాలి నాణ్యత ప్రణాళికకు ప్రాజెక్టు లోబడి ఉందా అన్న) లెక్కలకు మారడానికి రెండేళ్ల గడువుతో.

హైదరాబాద్ రోడ్లకు వీటిలో ఏదైనా వాడొచ్చా? ఉన్నదున్నట్టుగా వద్దు. మూవ్స్‌లోని 13 వాహన రకాల్లో ఆటో లేదు, మోటార్‌సైకిల్ ఉన్నా అది అమెరికా బండి. భారత్ స్టేజ్ బళ్లకు మన ఆటోమోటివ్ పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ కొలిచిన ఉద్గార గుణకాలతో మొదలుపెట్టడమే నయం.