నాలుగేళ్లుగా తిప్పుతున్న హ్యాండిల్

కాగితాన్ని పూలు, పిట్టలు లాంటి ఆకారాలుగా కోసే నా డై కటింగ్ మెషిన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాని హ్యాండిల్. సైజు ఎంత, పక్క రెక్కలు ఎలా ముడుచుకుంటాయి, పెట్టెలో ఏమేం వస్తాయి, ఇవన్నీ అమ్మేవాళ్లు ఎలాగూ చెబుతారు. హ్యాండిల్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు. 2021 నుంచి ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు, చిన్న చిన్న కాగితం వస్తువులు చేసి అమ్ముతున్నాను. ఈ నాలుగేళ్లలో నా కుడిచెయ్యి ఎక్కువసార్లు పట్టుకున్న వస్తువు ఇదే. చేత్తో తిప్పే డై కటింగ్ మెషిన్లు చాలా కంపెనీలవి దొరుకుతాయి. నాది ఏ కంపెనీదో ఇక్కడ ముఖ్యం కాదు. అన్నిటిలోనూ ఉండే ఆ హ్యాండిల్ గురించే రాస్తున్నాను.

పని చాలా తేలిక. కింద ఒక ప్లేటు, దాని మీద కాగితం, కాగితం మీద పదును వైపు ఆనేలా డై (కావలసిన ఆకారంలో పదునైన అంచులున్న లోహపు అచ్చు), పైన ఇంకో ప్లేటు. దాన్ని రెండు రోలర్ల మధ్యకి తోసి తిప్పాలి. మొదట ఏ బరువూ ఉండదు. డై అంచు రోలర్ కిందకి రాగానే చేతికి ఒక చిన్న ఆపు తగులుతుంది. తర్వాత కాగితం తెగుతూ సన్నగా చిటపట మంటుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి ఐవరీ కార్డుకి ఒక బరువు, పల్చటి మెటాలిక్ కాగితానికి ఒక బరువు, నూలుగుడ్డ ముక్కల గుజ్జుతో చేసిన హ్యాండ్‌మేడ్ కాగితానికి పూర్తిగా వేరే బరువు. ఆరు నెలలు తిప్పేసరికి కళ్లు మూసుకున్నా లోపల ఏ కాగితం ఉందో చెప్పగలిగేదాన్ని. పూలతీగ లాంటి సన్నటి డై సరిగా తెగిందో లేదో ప్లేటు తియ్యకముందే తెలిసేది.

హైదరాబాద్‌లో ఉండే నా స్నేహితురాలు కంప్యూటర్‌కి తగిలించి కోసే మెషిన్ వాడుతుంది. అది గొప్ప వస్తువే, కాదనను. ఏ బొమ్మ గీసినా కోసి ఇస్తుంది. కానీ బ్లేడు మొద్దుబారిన సంగతి ఆమెకు కాగితం చిరిగాక తెలుస్తుంది. నాకు చిరగకముందే చెయ్యి చెబుతుంది. ఒక్కో షీటు 40 రూపాయలు పెట్టి తెచ్చుకునే మాలాంటి వాళ్లకి అది చిన్న విషయం కాదు.

మాది చీరాల. జాండ్రపేట వైపు మగ్గాల దగ్గర మిగిలిన చేనేత ముక్కలు తెచ్చి, వెనక కాగితం అతికించి, ఆకులుగా, పిట్టలుగా కోసి కార్డుల మీద పెడతాను. గుడ్డ కూడా ఇంత శుభ్రంగా తెగుతుందని కొన్నప్పుడు నాకు తెలియదు. నా కార్డుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి ఇప్పటికీ ఆ పిట్టల కార్డులే.

మొదటి రెండేళ్లు ఈ మెషిన్ గురించి ఎవరడిగినా ఒకటే మాట చెప్పేదాన్ని: కరెంటు అక్కర్లేదు, ఏ టెన్షనూ లేదు, కొనుక్కోండి. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే మెషిన్‌ని వరండాలోకి తెచ్చుకుని వేపచెట్టు గాలికి కూర్చుని కోసుకునేదాన్ని. ఆ మాట తప్పు కాదు. 2023 డిసెంబరు తర్వాత దాన్ని కాస్త మార్చి చెబుతున్నాను.

ఆ నెలలో ఒక చర్చి వాళ్లు 180 క్రిస్మస్ కార్డులు అడిగారు. కార్డు ముందు నక్షత్రం ఆకారంలో కిటికీ, లోపల పశువుల పాక నీడ, దాని వెనక ఇంకో పొర. ఒక్కో కార్డుకి మూడుసార్లు తిప్పాలి. అంటే 540 సార్లు. డిసెంబరు 10, ఆదివారం ఆరాధన అయ్యాక ఇస్తానని ఒప్పుకున్నాను. నాలుగో తారీఖు సాయంత్రానికి 70 అయ్యాయి. ఆ రాత్రి మిగ్‌జాం తుపాను గాలులు మొదలయ్యాయి, కరెంటు పోయింది. నేను కంగారు పడలేదు. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని ఇంకో పాతిక కోశాను. ఇంత మంచి వస్తువు ఇంట్లో ఉన్నందుకు ఆ రాత్రి నిజంగా సంతోషంగా అనిపించింది.

ఐదో తారీఖు మంగళవారం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పగలంతా తలుపులు బిగించుకుని కూర్చోవడమే సరిపోయింది. సాయంత్రం గాలి కాస్త తగ్గాక మళ్లీ మెషిన్ ముందు కూర్చున్నాను. మొదటి నక్షత్రం తెగలేదు. రెండు మూలల్లో కాగితం పీచులా సాగి అలాగే అంటుకుని ఉండిపోయింది. రెండోదీ అంతే. కాగితాన్ని చేత్తో పట్టుకుంటే మెత్తగా, కాస్త బరువుగా ఉంది. హ్యాండ్‌మేడ్ కాగితం, అందులోనూ నూలు గుజ్జుది, గాలిలో తేమని దూదిలా పీల్చేస్తుంది. పొడిగా ఉన్న కాగితం డై అంచుకి టక్కున తెగుతుంది. తడి తగిలినది తెగకుండా నలుగుతుంది. ఇది నాకు అప్పటికి తెలియదు. డైకి ఒత్తిడి చాలడం లేదనుకున్నాను.

ఒత్తిడి చాలకపోతే ప్లేటు కింద ఒక అట్టముక్క వేస్తాం. ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఇది. ఒకటి వేశాను. కొంచెం నయం. రెండోది వేశాను. హ్యాండిల్ బిగుసుకుంది. అంత బరువు నా చేతికి అంతకుముందు ఎప్పుడూ తగల్లేదు. ఇందాక నేను పొగిడింది దీన్నే కదా, చెయ్యి ముందే చెబుతుందని. ఆ రోజు కూడా చెప్పింది. ఆదివారం గుర్తొచ్చి నేనే వినలేదు. మూడో అట్ట వేసి, లేచి నిలబడి, రెండు చేతులతో తిప్పాను. ఠప్ మని పై ప్లేటు ఈ చివర నుంచి ఆ చివరకి పగిలింది. ఆ వెంటనే హ్యాండిల్ నా చేతిలో గిర్రున తిరిగింది. రోలర్ కదల్లేదు. హ్యాండిల్ ఇరుసుకి తగులుకునే ఆరు పలకల గుంత లోపల అరిగిపోయి గుండ్రంగా అయిపోయింది.

అప్పటికి 11 కార్డుల ముందు భాగాలు పాడయ్యాయి. అదే రంగు కాగితం ఇంట్లో ఇంక లేదు. చీకట్లో ఆ ముక్కలన్నీ ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు వచ్చింది.

బుధవారం పొద్దున్న మా వీధి చివర ఇస్త్రీ బండి బాబాయ్ గుర్తొచ్చాడు. ఆయనది బొగ్గుల ఇస్త్రీ పెట్టె, కరెంటుతో పని లేదు. కాగితాల కట్ట ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని వెళ్లాను.

"ఏందమ్మా, కాగితాలకి ఇస్త్రీ ఏంది?" అన్నాడు.

"తడి పీల్చాయి బాబాయ్. తెగడం లేదు. మాడకుండా చెయ్యాలి."

ఆయన పాత పంచె ఒకటి కింద, ఒకటి పైన వేసి, పెట్టెని కాగితం మీద ఎక్కువసేపు ఆపకుండా లాగాడు. మొదటి షీటు అంచు చేత్తో వంచి చూశాను. కరకరమంది. నేను విన్న మంచి శబ్దాల్లో అది ఒకటి. అన్ని షీట్లూ చేయించి, వేడి మీదే ఖాళీ స్టీలు బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి ఇంటికి తెచ్చాను. డబ్బులు ఇస్తే ఒకంతట తీసుకోలేదు. క్రిస్మస్‌కి ఆయన మనవరాలి పేరుతో ఒక కార్డు చేసి ఇచ్చాను.

హ్యాండిల్ సంగతి మా ఆయన చూశారు. మోటారు విప్పే పానా ఒకటి ఇరుసుకి సరిపోయింది. పావు చుట్టు తిప్పడం, పానా తియ్యడం, మళ్లీ తగిలించడం. ఆయన తిప్పుతుంటే నేను డబ్బాలోంచి ఒక్కొక్క షీటే తీసి పెట్టేదాన్ని. పగలని ప్లేటు ఒకటే మిగిలింది కాబట్టి రెండో దాని బదులు పాత డైలకి వచ్చిన పల్చటి ప్లేటు, ఒక అట్ట కలిపి వాడాం. ఎండిన కాగితం మళ్లీ మొదటి ఒత్తిడికే తెగింది. మూడో అట్ట ఎప్పుడూ అక్కర్లేదన్నమాట. బుధవారం 40, గురువారం 34. ఆదివారం 169 కార్డులు ఇచ్చాను, మిగిలిన 11 తర్వాత చేసి పంపాను. వాళ్లు ఒక్క మాట అనలేదు. ఆ ఊళ్లో ఆ వారం ఎవరి పని సవ్యంగా జరిగింది కనుక.

కంపెనీకి మెయిల్ పెడితే, వారంటీ అయిపోయింది, హ్యాండిల్ విడిగా అమ్మం, కొత్త మెషిన్ మీద తగ్గింపు ఇస్తాం అని జవాబు వచ్చింది. ఇది మాత్రం ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. తొమ్మిది వేలు పెట్టి కొన్న మెషిన్‌లో అన్నిటికంటే ఎక్కువ అరిగే భాగం ఆ హ్యాండిల్. ఆ ఒక్క ముక్క విడిగా దొరకదంటే ఎలా?

కరెంటు వచ్చాక లేత్ షాపుకి తీసుకెళ్లాను. షాపాయన హ్యాండిల్‌ని రెండుసార్లు తిప్పి చూసి, "ఇది పోత ముక్కమ్మా, మెత్తటిది. ఇరుసేమో ఉక్కు. ఎప్పటికైనా ఇదే అరుగుతుంది" అన్నాడు. ఉక్కు ముక్కలో గుంత చేసి, దానికి ఇనుప కడ్డీ వెల్డింగ్ పెట్టి, చివర పాత చెక్క పిడి బిగించి 350 రూపాయలు తీసుకున్నాడు. అసలు దానికంటే రెండంగుళాలు పొడవు. పొడవు వల్ల బలం తక్కువ పెట్టినా తిరుగుతుంది, భుజానికి హాయి. కానీ మొదట్లో చేతికి తగిలే ఆ సన్నటి ఆపు ఇప్పుడు అంత స్పష్టంగా తెలియడం లేదు. బరువు తగ్గితే కబురూ తగ్గుతుందని నాకు అప్పుడు తోచలేదు. పూలతీగ డైలు కోసేటప్పుడు పాత హ్యాండిల్ గుర్తొస్తూనే ఉంటుంది.

తుపాను తర్వాత కాగితం మొత్తం తగరపు ట్రంకు పెట్టెలోకి మార్చాను. సముద్రం దగ్గర ఊళ్లలో ఉండేవాళ్లు మెషిన్ కంటే ముందు ఆ పెట్టె కొనుక్కోవడం మంచిది. వానాకాలంలో హ్యాండ్‌మేడ్ కాగితం ఆర్డర్లు తగ్గించి, మిల్లు కాగితంతో సర్దుకుంటున్నాను. మిల్లు కాగితానికి గ్రెయిన్ అని, లోపలి పీచులు వరసగా ఉండే ఒక దిక్కు ఉంటుంది. కార్డు మడత ఆ దిక్కునే రావాలి, అడ్డంగా మడిస్తే అంచు పగిలి తెల్లగా కనిపిస్తుంది. షీటుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూస్తే, తేలిగ్గా వంగినప్పుడు మడత గీత ఎటు పడుతుందో అదే ఆ దిక్కు. ప్లేట్లని కూడా ప్రతిసారీ తిరగేసి పెడుతున్నాను. ఒకే వైపు వాడితే విల్లులా వంగిపోతాయి, అలా వంగినవే ముందు పగులుతాయి.

తెలుగు అక్షరాల సంగతి కూడా చెప్పాలి, చాలామంది అడుగుతారు. ఇంగ్లీషు అక్షరాలకి రెడీమేడ్ డైలు ఎన్నో ఉన్నాయి, తెలుగుకి నాకు దొరకలేదు. "శుభాకాంక్షలు" అని ప్రత్యేకంగా చేయించుకున్నాను. తెలుగులో ప, స, హ లాంటి వాటికి తలకట్టు అక్షరాన్ని అంటుకోదు. చాలా ఒత్తులు విడిగా ఉంటాయి, సున్నా విడిగా ఉంటుంది. కోస్తే ముక్కలు ముక్కలుగా చేతిలోకి రాలతాయి. నా డైలో సున్నాకీ, విడిగా ఉండే మిగతా ముక్కలకీ సన్నటి వంతెనలు, అంటే పక్క అక్షరంతో కలిపి ఉంచే సన్నటి పట్టీలు, పెట్టించాల్సి వచ్చింది. అలా చేసినా అందంగానే ఉంది. మిగతా మాటలకి రబ్బరు స్టాంపు వాడుతున్నాను. ఈ విషయంలో నా స్నేహితురాలి కంప్యూటర్ మెషిన్‌కే ఓటు వేస్తాను. కావలసిన చోట కావలసినంత వంతెన ఆమె తెర మీద గీసుకోగలదు.

కొనమంటారా అంటే, నాకు సరిపోయింది. నేను రోజుకి 40 కార్డులకి మించి చెయ్యను, పిల్లలు బడికి వెళ్లిన నాలుగు గంటలే నా పని. అంతకు మించి తిప్పిన రోజు రాత్రి మణికట్టు లాగుతుంది. ఐదు వందల పెళ్లి కార్డుల ఆర్డరు వస్తే నేనే ప్రింటింగ్ ప్రెస్‌లో పంచింగ్‌కి, అంటే పెద్ద మెషిన్ మీద కోయించడానికి, ఇస్తాను. వాళ్లు ఒక్క పూటలో చేసి ఇస్తారు, మడత పడే చోట గీత (క్రీజింగ్) కూడా వాళ్లే వేస్తారు. చేతులకి నొప్పులున్నవాళ్లకి, నెలకి వెయ్యి కార్డులు చేద్దామనుకునేవాళ్లకి ఇది కొనమని చెప్పలేను. మా ఊళ్లో లేత్ షాపు పక్క వీధిలో ఉంది, పానా పట్టుకునే మనిషి ఇంట్లో ఉన్నాడు. ఆ రెండూ లేకపోతే నా అభిప్రాయం ఎలా ఉండేదో తెలియదు.

ఈ ఉగాది నుంచి ఎడమ పక్క గేర్ దగ్గర చిన్న కిర్రుమనే చప్పుడు వస్తోంది. లేత్ షాపాయనకి చూపిస్తే, పళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, గ్రీజు పెట్టి వాడుకో అన్నాడు. పెట్టాను. ప్రస్తుతానికి రాఖీ కార్డులు దాని మీదే కోస్తున్నాను.