'జేన్ ఐర్' పాత సినిమా డీవీడీ కొనేవాళ్లూ, ఒక్క నిమిషం ఆగండి

షార్లెట్ బ్రాంటీ నవల మీద ఇష్టంతో పాత 'జేన్ ఐర్' సినిమా డిస్క్ వెతుకుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ "రీస్టోర్ చేసిన క్లాసిక్, ఫుల్ లెంగ్త్" అని పెడితే తెప్పించాను. కవర్ మీద ఆర్సన్ వెల్స్, జోన్ ఫాంటేన్ బొమ్మ ఉంది, అంటే 1943 సినిమా అన్నమాట. తీరా చూస్తే డిస్క్‌లో ఉన్నది 1934లో మోనోగ్రామ్ అనే చిన్న కంపెనీ తీసిన సినిమా! కాలిన్ క్లైవ్, వర్జీనియా బ్రూస్ నటించింది, మొత్తం కలిపి 62 నిమిషాలే.

ఆ నవలకి మొదటి టాకీ అదే కాబట్టి దాన్ని దాని పేరుతోనే అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వేరే సినిమా బొమ్మ అతికించి అమ్మడం మాత్రం పచ్చి మోసం. పైగా ప్రింట్ ఘోరంగా ఉంది. దాదాపు చదరంగా ఉండే పాత ఫ్రేమ్‌ని ఇప్పటి టీవీ నిండేలా అడ్డంగా సాగదీశారు, మొహాలన్నీ ఉబ్బిపోయి కనిపిస్తాయి, గరగర శబ్దంలో మాటలు సగం వినపడవు, సబ్‌టైటిల్స్ కూడా లేవు.

అమెరికాలో ఈ 1934 సినిమాకి కాపీరైట్ లేదు. అందుకే ఎవరు పడితే వాళ్లు నెట్‌లో దొరికే కాపీ దించుకుని, ఖాళీ డిస్క్‌లో రాసి అమ్మేస్తున్నారు. ఉచితంగా చూడగలిగేదానికి డబ్బు పెట్టకండి. నవల ప్రాణంగా చదివినవాళ్లకి ఇంకో మాట: అందగత్తె కాకపోవడమే జేన్ ప్రత్యేకత కదా, ఇందులో ఆమె మెరిసిపోయే హాలీవుడ్ హీరోయిన్. హీరో రోచెస్టర్ కరుకుదనం కూడా బాగా తగ్గిపోయింది.

కొనేముందు డిస్క్ ఫోటో, విడుదలైన సంవత్సరం, నిడివి అడగండి. 1943ది గంటన్నర పైనే ఉంటుంది. నటీనటుల్లో ఎథెల్ గ్రిఫీస్ పేరు చూసి నమ్మేయకండి, గ్రేస్ పూల్ వేషం రెండింట్లోనూ ఆవిడే వేశారు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

"ప్యాకింగ్ విప్పాక రిటర్న్ ఉండదు" అంటున్నాడు సెల్లర్. విప్పకుండా లోపల ఏ సినిమా ఉందో ఎలా తెలుస్తుందండీ? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇలాంటి డిస్కే మీకూ వచ్చి ఉంటే కవర్, బిల్లు పారేయకుండా మీరూ చేయండి.