దూరం నమ్మొచ్చు, టైముతోనే తంటా: విమాన దూరాల కాలిక్యులేటర్‌తో నా ఆరేళ్లు

తిరుపతిలో మాది చిన్న టికెట్ల షాపు. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే మధ్య దూరం, ప్రయాణ సమయం చూపించే ఉచిత వెబ్‌సైటు ఒకటుంది. ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను.

దూరంలో వంక పెట్టలేం. రేణిగుంట నుంచి శంషాబాద్‌కు 417 కిలోమీటర్లు చూపిస్తుంది. రోడ్డు మీద 550 దాటుతుంది కాబట్టి వచ్చినవాళ్లు ఓ పట్టాన నమ్మరు. అది కొలిచేది గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారిని. మన ఘాట్లు, మలుపులు దానికి పట్టవు. పేరు బదులు విమానాశ్రయం మూడక్షరాల కోడ్ కొట్టేటప్పుడు మాత్రం చూసుకోవాలి. తిరుపతికి టీఐఆర్. మా షాపు కుర్రాడు ఓసారి టీఐఏ కొట్టాడు, అది అల్బేనియాలోని తిరానా. హైదరాబాద్ ఆరు వేల కిలోమీటర్లు దాటిపోయింది!

టైము దగ్గరే అసలు గొడవ. ఏ రూట్ అయినా గంటకు 800 కిలోమీటర్ల వేగం వేసి, ఎక్కి దిగడానికి ఓ అరగంట కలుపుతుంది. ఈ గుట్టు కాగితం మీద లెక్కలు వేసి నేనే పట్టుకున్నాను. పంకాల ఏటీఆర్ విమానం వేగం 500 దగ్గరే ఉంటుందని దానికి తెలియదు. ఎదురుగాలి సంగతీ అంతే. ఢిల్లీ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ గంటకు పైనే తేడా ఉంటుంది, ఇది రెండు వైపులా ఒకే టైము చూపిస్తుంది.

2022లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు లక్షద్వీప్‌లోని అగత్తికి ఎంతసేపని అడిగారు. చూసి చెప్పేశాను: 860 కిలోమీటర్లు, గంటా 34 నిమిషాలు. నేరుగా విమానమే లేదన్న మాట ఆ పేజీలో ఎక్కడా ఉండదు, నాకూ నోటికి రాలేదు. తర్వాత టికెట్లు వేస్తుంటే తెలిసొచ్చింది. చెన్నైకి బస్సులో మూడున్నర గంటలు, అక్కడి నుంచి కొచ్చికి విమానం, రాత్రి కొచ్చిలో బస, పొద్దున అగత్తికి ఇంకో విమానం. ఆ దీవి రన్‌వే 1,200 మీటర్లే, పెద్ద జెట్‌లు దిగలేవు. పైగా పర్మిట్ కాగితాలు. తిరిగొచ్చాక సార్ షాపులోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "గంటన్నర అంటివే నాయనా, రెండు దినాలు పట్టిందే!" అని నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే షాపు ముందు పంచాయితీ అయ్యేది.

ఒకే ఒక్క వరుస, "ఈ రెండింటి మధ్య నేరు విమానం లేదు" అని పెడితే రేటింగ్‌లో ఐదు స్టార్లూ ఇచ్చేవాణ్ణి. ప్రస్తుతానికి మూడున్నర.

మొన్న సార్ మళ్లీ వచ్చారు, ఈసారి అండమాన్ అట. పోర్ట్ బ్లెయిర్‌కు 1,450 కిలోమీటర్ల దాకా ఉందని దూరం మటుకు చెప్పి, టైము ఊసెత్తకుండా చెన్నై నుంచి విమానం ఎన్నింటికో వెతకడం మొదలుపెట్టాను.