పవర్ క్వెరీ: మా అకౌంట్స్ సెక్షన్‌లో ఏడాది వాడాక

ఎక్సెల్ 2016 నుంచి డేటా ట్యాబ్‌లోనే ఉన్న, వేర్వేరు ఫైళ్ల డేటాను తెచ్చి కలిపి సరిచేసే పవర్ క్వెరీ అనే సాధనాన్ని మా సెక్షన్‌లో వాడటం మొదలుపెట్టి ఏడాదైంది. బ్రాంచీల నుంచి వచ్చే బిల్లుల ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి రిఫ్రెష్ నొక్కితే ఒకే పట్టికగా వచ్చేస్తాయి. అసలు ఫైళ్లను అది ముట్టుకోదు. నెలాఖరులో మూడు రోజులు పట్టే కాపీ పేస్ట్ పని అరగంటలో అయిపోతోంది.

కానీ మొదటి నెల సెక్షన్‌లో ఒకటే గొడవ. మేనేజ్‌మెంట్ గంటసేపు ట్రైనింగ్ ఇచ్చి, ఇకనుంచి ఇదే వాడాలంది. కొత్తగా చేరిన అమ్మాయి రెండు రోజుల్లో పట్టేసింది. ముప్పై ఏళ్లుగా పెన్సిల్‌తో టిక్కులు పెట్టి లెక్క సరిచూసే మా సీనియర్ సార్ మాత్రం సంతకం పెట్టనన్నారు. ఆయనకు కొత్తదంటే పడదని కుర్రాళ్లు చాటుగా అనుకుంటుంటే నాకు కష్టంగా ఉండేది. ఆయన అడిగింది ఒక్కటే: "అమ్మా, ఆ బటన్ నొక్కాక లోపల ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది నేను."

దానికి జవాబు పవర్ క్వెరీ ఎడిటర్ స్క్రీన్ మీదే, కుడిపక్కన, అది చేసిన పనులన్నీ వరసగా చూపే అప్లైడ్ స్టెప్స్ అనే జాబితాలో ఉంది. ఏ స్టెప్ మీద నొక్కితే ఆ దశలో లెక్క ఎలా ఉందో కనిపిస్తుంది. ట్రైనింగ్‌లో దీన్ని ఎవరూ చూపించలేదు. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయే సార్ పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కటీ నొక్కి చూపించింది. 'ఛేంజ్డ్ టైప్' అన్న చోట ఆయన ఆపారు. "సప్లయర్ కోడ్ ముందున్న సున్నాలేవమ్మా?" 004172 కాస్తా 4172 అయి కూర్చుంది. కోడ్‌ను అంకె అనుకుని పవర్ క్వెరీ తనంతట తనే వేసుకున్న స్టెప్ అది. కోడ్‌ను బట్టి సప్లయర్ పేరు వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాలో కొన్ని పేర్లు ఎందుకు దొరకడం లేదో అప్పుడు తెలిసింది. అప్పటిదాకా వాటిని మేం చేత్తో నింపుతున్నాం! ఆ స్టెప్‌లోనే కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాం. అన్నీ దొరికాయి.

కొనేవాళ్లు, వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. ఏదో బ్రాంచి కాలమ్ పేరు మార్చి పంపితే రిఫ్రెష్ ఆగిపోవచ్చు, లేదా ఆ కాలమ్ చడీచప్పుడు లేకుండా ఖాళీగా రావచ్చు. అందుకే మొత్తాలు సరిచూడటం మేం మానలేదు. ఆ పని ఇప్పటికీ సార్‌దే, పెన్సిల్‌తోనే.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు బటన్ల కంటే ముందు ఆ స్టెప్పుల జాబితా చూపించండి. ప్రతి స్టెప్‌కూ ప్రాపర్టీస్‌లో వివరణ రాసుకునే చోటుంది. మా ఫైల్లో ఆ వివరణలన్నీ సార్ చెబుతుంటే ఆ అమ్మాయి టైప్ చేసింది.