బ్రోమిన్ జోలికి పోని ఇనుప పొడి: పన్నెండేళ్ళ వాడకం తర్వాత

ఇనుప పొడి, అమ్మోనియం క్లోరైడ్. అణువులోని నైట్రో సమూహాన్ని (NO2) అమీన్‌గా (NH2) మార్చడానికి ఈ జంటను ఎలా వాడాలో ల్యాబులో చేరిన మొదటి నెలలోనే నేర్పుతారు కాబట్టి ఆ వివరాలు వదిలేస్తున్నాను. 1854లో బెషాంప్ ఇనుము, ఎసిటిక్ ఆమ్లంతో చేసిన పనికి ఇది తమ్ముడి వరస. హైదరాబాద్ శివార్లలోని ఒక ల్యాబులో పన్నెండేళ్ళుగా దీన్ని వాడుతున్నాను. దీని మీద నాకున్న అభిమానానికి కారణం ఒక్కటే. బెంజీన్ లాంటి వలయం మీద బ్రోమిన్ ఉంటే దాన్ని ముట్టుకోదు.

ఆ అభిమానం ఊరికే రాలేదు. ఉద్యోగంలో రెండో ఏడాది. అణువు పేరు చెప్పలేను. వలయం మీద ఒకచోట బ్రోమిన్, దానికి పారా స్థానంలో (సరిగ్గా ఎదురుగా) నైట్రో, చుట్టూ మరికొంత సరంజామా. మూడు వారాలు కష్టపడి 40 గ్రాములు కూడబెట్టాను. ఇనుము మిగిల్చే బురద లేకుండా శుభ్రంగా అయిపోతుందని పలేడియం కార్బన్ ఉత్ప్రేరకం వేసి, హైడ్రోజన్ బెలూన్ కట్టి, రాత్రంతా వదిలేశాను. పొద్దున టీఎల్‌సీలో (పదార్థాలను పలక మీద విడదీసి చూసే పరీక్ష) ఒకటే చుక్క. సెలైట్ అనే వడపోత పొడి మీద వడకడితే నీళ్ళలా తేటగా దిగింది. ద్రావణి ఎగరగొడితే తెల్లటి ఘనపదార్థం. ఇంత అందంగా అయినందుకు క్యాంటీన్‌లో నలుగురికి టీ కూడా ఇప్పించాను. మధ్యాహ్నం తూకం వేస్తే రావలసిన దానికన్నా బాగా తక్కువ. మాస్ స్పెక్ట్రం (అణువు బరువు చూపే పరీక్ష) తీయిస్తే, బ్రోమిన్ ఉన్న అణువుకు రెండు యూనిట్ల ఎడంతో, ఇంచుమించు సమానమైన ఎత్తులో కనిపించవలసిన కవల పీకులు లేవు. ఉండవలసిన చోటికి 78 తక్కువలో ఒంటరి పీకు ఒకటి ఉంది. నైట్రో మారడంతో పాటు బ్రోమిన్ కూడా ఊడిపోయి, దాని చోట హైడ్రోజన్ కూర్చుంది.

“బీరువాలో ఇనుము ఉండగా పలేడియం దగ్గరికి ఎందుకు వెళ్ళావమ్మా?” అన్నారు మా సీనియర్. కోప్పడలేదు, అదే ఎక్కువ బాధ కలిగించింది.

నవ్వు తెప్పించే సంగతి ఏమిటంటే, ఆ తర్వాతి మెట్టు సుజుకీ, అంటే బ్రోమిన్ ఉన్న చోట కొత్త కార్బన్‌ను పలేడియంతో అతికే చర్య. కార్బన్‌కూ బ్రోమిన్‌కూ మధ్య దూరే గుణం ఉందనే కదా అక్కడ పలేడియం వేసేది! ఆ గుణాన్ని ఒక మెట్టు ముందే చూపించింది, అంతే. మూడు వారాల పని మళ్ళీ చేసి, ఈసారి ఇనుము వేశాను. కవలలు ఇద్దరూ కనిపించారు.

అప్పటినుంచి చాలాకాలం, ఇనుము నైట్రోను తప్ప దేన్నీ చూడదని కొత్తగా చేరిన పిల్లలకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఒకసారి నైట్రోకు ఆర్థోలో (పక్క స్థానంలో) మిథైల్ ఎసిటేట్ గొలుసు ఉన్న అణువుకు, త్వరగా కావాలని ఎసిటిక్ ఆమ్లంలో ఇనుము వేసి బాగా వేడిచేశాను. అమీన్ రానే వచ్చింది. వచ్చీ రాగానే పక్కనున్న ఆ గొలుసులోని ఎస్టర్‌ను పట్టుకుని, మెథనాల్‌ను వదిలి, ఆక్సిండోల్ అనే కొత్త వలయంగా ముడుచుకుపోయింది. ఇనుము తప్పేమీ లేదు, ఆ ఇరుగుపొరుగును ముందే చూసుకోవలసింది నేను.

వలయం మీద ఏమున్నదన్న దాన్ని బట్టి తర్వాతి తలనొప్పి కూడా మారుతుంది. పారాలో ఎలక్ట్రాన్లను లాగే సయనో ఉంటే నా చేతిలో గంటలోపే పూర్తయింది, ఎలక్ట్రాన్లను ఇచ్చే మెథాక్సీ ఉంటే మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినా ఇంకా కొంచెం మిగిలే ఉండేది. కానీ తీరిగ్గా వచ్చే ఆ మెథాక్సీ అమీన్ గాలి తగిలితే నల్లబడుతుంది, సీసా మూత పెట్టడం మరచిపోకూడదు. సయనో అమీన్ నెలల తరబడి అలాగే ఉంటుంది. దానితో చిక్కు వేరు. శుద్ధి చేద్దామని సిట్రిక్ ఆమ్లంతో కడిగితే మెథాక్సీది నీటి పొరలోకి చక్కగా దిగుతుంది, సయనోది ఇథైల్ ఎసిటేట్‌లోనే భీష్మించుకు కూర్చుంటుంది. వీటి సంయుగ్మ ఆమ్లాల పీకేఏలు (ఈ అంకె ఎంత పెద్దదైతే అమీన్ అంత బలమైన క్షారం) వరుసగా 5.3, 1.7. ఎలక్ట్రాన్ జంటను సయనో అటు లాగేస్తే ప్రోటాన్‌ను పట్టుకోవడానికి నైట్రోజన్ దగ్గర ఇక మిగిలేదెంత? ఆమ్లంతో కలిపి అమైడ్ కట్టేటప్పుడూ (దీన్నే కప్లింగ్ అంటాం) దీనిదే మొండితనం. పాత నోటుపుస్తకంలో ‘కప్లింగ్ జరగలేదు’ అని రాసుకున్న పేజీల్లో సగం ఇలాంటి అమీన్‌లవే.

ఇక బురద. ఒక కిలో పారా బ్రోమో నైట్రోబెంజీన్ వేస్తే, అంతా సవ్యంగా సాగినా కాగితం మీది లెక్కకే 850 గ్రాముల అమీన్, 860 గ్రాముల నల్ల ఇనుప ఆక్సైడ్. మనం అదనంగా వేసే ఇనుము దీని మీద. సెలైట్ పూడుకుపోయి, వేడివేడిగా వడకట్టలేక, చేతులు నల్లగా చేసుకున్న సాయంత్రాలు ఎన్నో. అయస్కాంతపు స్టిరర్ వేశారో, పొడంతా దానికే అతుక్కుని ముద్దవుతుంది. పైనుంచి తిప్పే మోటారు ఉంటేనే దీని జోలికి వెళ్ళండి.

నాది 100 గ్రాములు దాటని పని, పైగా ఎప్పుడూ బ్రోమిన్‌లు, అయోడిన్‌లతోనే సహవాసం. అందుకే ఇంత ఇష్టం. ప్లాంటులో ఉన్న మిత్రులు ఈ బురదను ఎక్కడ పోయాలని అడుగుతారు. వాళ్ళ దగ్గర హైడ్రోజనేటర్, ప్లాటినం ఉన్నాయి, వాళ్ళకు నేను ఇది వాడమని చెప్పను. నేను కూడా, బ్రోమిన్ లాంటి హాలోజన్ లేని అణువైతే, గత రెండేళ్ళుగా చప్పుడు చేయకుండా పలేడియమే వేసుకుంటున్నాను.