పసిపిల్లల కీహోల్ సర్జరీకి 3 మి.మీ. పరికరాల సెట్టు: ఎలా ఉంది?

నెలల పిల్లల పొట్టలో పెద్దల పరికరాలతో కుట్టడం, చీల్చడం కష్టం. సుమారు 20 సెం.మీ. పొడవున్న 3 మి.మీ. సెట్టు చేతికి అదుపుగా ఉంటుంది. పైలోరిక్ స్టెనోసిస్ (జఠరం చివర కండరం మందమై దారి మూసుకుపోవడం) ఆపరేషన్‌లో దీని విలువ బాగా తెలుస్తుంది. పొట్ట ఉబ్బించే గ్యాస్ పీడనం 6–8 మి.మీ. పాదరసం సాధారణంగా సరిపోతుంది. పెంచితే డయాఫ్రమ్ పైకి నెట్టుకొచ్చి ఊపిరికి ఇబ్బంది.

పొట్ట గోడ పలుచన కాబట్టి పోర్టు (పరికరాలు లోపలికి పంపే గొట్టం) ఇట్టే జారుతుంది. దానికి రబ్బరు క్యాథటర్ ముక్క తొడిగి, చర్మానికి కలిపి కుట్టేస్తే కదలదు. ఆ తొడుగు సెట్టుతోనే ఇస్తే ఎంత బాగుండేది!

స్ప్రెడర్ (కోసిన కండరాన్ని విడదీసే పరికరం) దవడలకు బయటి వైపు గాడులు ఉన్నదే తీసుకోండి, నున్నటిది కండరం మీద నిలవదు. కండరాన్ని చీల్చాక రెండు అంచులూ విడివిడిగా కదలాలి. తర్వాత ముక్కు గొట్టంలోంచి కడుపులోకి గాలి ఎక్కించి బుడగలు, పైత్యం వస్తున్నాయేమో చూడాలి. లోపొర చిల్లు పడే ప్రమాదం డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) వైపు ఎక్కువ. జఠరం వైపు కోత పొట్టిదైతే వాంతులు ఆగవు.

సెట్టు అసలు బలహీనత ఇన్సులేషన్, అంటే కరెంటు బయటికి పోకుండా కడ్డీకి వేసే పూత. సన్నని కడ్డీ వంగి పూత చిట్లితే, కెమెరాకు అందని చోట పేగు కాలుతుంది. ప్రతిసారీ స్టెరిలైజేషన్‌కు ముందు పూతను భూతద్దంతో పరీక్షించాల్సిందే. 3 మి.మీ. టెలిస్కోపుకు వెలుతురు తక్కువ, బొడ్డు దగ్గర 5 మి.మీ.దే మేలు.