ధమ్మఖేత్త విపశ్యన శిబిరం: మోకాలు నొప్పితో మొదలయ్యే పాఠం

అన్నీ మారిపోయేవే అని ఎన్నో ప్రవచనాల్లో విన్నాను. ఆ మాట ఒంటికి తెలిసింది మాత్రం హైదరాబాద్‌లో, నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్తలోనే. విపశ్యన ధ్యానం నేర్పిన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతిలో 1976 నుంచి శిబిరాలు నడుస్తున్న చోటు.

పొద్దున 4కే గంట కొడతారు. ఫోను, పుస్తకం, మాట ఏవీ ఉండవు. మొదటి మూడు రోజులూ ఊపిరిని గమనించడమే. నాలుగో రోజు అసలు విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను ఉన్నవి ఉన్నట్టు గమనించడం, నేర్పుతారు. ఆపైన రోజూ కొన్ని గంటలు చేయి, కాలు కదపకుండా కూర్చోవాలి. నా కుడి మోకాలు మండిపోయింది. కదలకుండా చూస్తూ ఉంటే ఆ మంట పెరిగింది, చోటు మారింది, ఎప్పుడో తగ్గిపోయింది కూడా. బుద్ధుడు చెప్పిన అనిత్యం ఇదేనా అని కళ్లు చెమర్చాయి.

ట్యూషన్లు చెప్పుకునే దాన్ని, కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు పిల్లలు లెక్క తప్పినప్పుడు గుండెలో రేగే వేడిని ముందు గమనిస్తాను, తర్వాతే నోరు తెరుస్తాను. అదొక్కటి చాలు నాకు.

భోజనం సాదా శాకాహారం, బాగుంటుంది. సాయంత్రం కొత్తవాళ్లకు తేలికపాటి ఫలహారమే, ఆకలికి తట్టుకోలేనివాళ్లు ఆలోచించుకోండి. మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు దరఖాస్తులో దాచకుండా రాయాలి, డాక్టరునూ అడగాలి. ఫీజు లేదు. శిబిరం పూర్తి చేసినవాళ్ల దగ్గరే, వాళ్లు ఇష్టపడి ఇస్తేనే, విరాళం తీసుకుంటారు.